పంటు మీద కలిసిన కువైట్ అక్క

శుక్రవారం: ధవళేశ్వరం, ఆత్రేయపురం

మాది ధర్మపురి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న నరసింహ క్షేత్రం. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని మా వైపు నానుడి. చిన్నప్పుడు మా రేవులో మునిగి లేచినప్పుడల్లా ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని అమ్మను అడిగేదాన్ని. సముద్రానికి అనేది. ఆ సముద్రాలు దాటి కువైట్ వెళ్లి, ఆస్పత్రిలో నర్సుగా చేసి తిరిగి వచ్చాను గానీ మా నది సముద్రంలో కలిసే చోటు మాత్రం చూడలేదు. సంక్రాంతి సందడి సద్దుమణిగాక మా ఆయనా నేనూ బయలుదేరాం. తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగి, కారు మాట్లాడుకుని ధవళేశ్వరం చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది.

మా ఊళ్లో గోదావరిని ఒక్క చూపులో అందుకోవచ్చు. ఇక్కడ చూపు చాలదు. నది రెండుగా చీలే చోటు ఇదే. ఎడమ పాయ గౌతమి, కుడి పాయ వశిష్ఠ. నడుమ ఉన్న నేలంతా కోనసీమ. 1833 కరువులో మనుషులు పిట్టల్లా రాలిపోయిన ఈ జిల్లాకు ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు నీళ్లు పారించాడు. ఇప్పుడున్న గేట్ల బ్యారేజీ ఆ తర్వాత నూరేళ్లు దాటాక కట్టింది. కాటన్ మ్యూజియంలో ఆనాటి పరికరాలు, ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. మా ఆయన వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు, బోరు వేయించి నీళ్లు పడక అప్పులపాలైన ఇంటివాడు. నిండుగా పారుతున్న కాలువ దగ్గర ఆయన మాట్లాడకుండా చాలాసేపు నిలబడ్డాడు. గట్ల పక్కన దాళ్వా (రబీ వరి) నాట్లు సాగుతున్నాయి.

బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్లాం. ఒక ఇంటి వాకిట్లో పూతరేకులు తీస్తున్నారు. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టారు. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపున లాగుతుంది ఆ ఇంటి కోడలు. చుయ్‌మన్న చప్పుడు ఆగేలోపే రేకు పొర లేస్తుంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెడుతుంది. అవతలి చెయ్యి కనిపించేంత పల్చన. నెయ్యి, బెల్లం పొడి వేసి మడవడం మరొకరి పని. 2023లో ఈ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పూతరేకు నాకు కొత్త కాదు. మొదటిసారి తిన్నది కువైట్‌లో, డయాలిసిస్ వార్డులో. అది పెట్టిన మనిషి గురించి చెప్పాలి.

ఆ వార్డుకు ఒక అరబ్బు అవ్వ వారానికి మూడుసార్లు వచ్చేది. రక్తం శుద్ధి కావడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. అవ్వను చక్రాల కుర్చీలో తోసుకొచ్చే పనిమనిషి నల్లటి అబాయా వేసుకుని, జుట్టూ నోరూ గడ్డమూ కప్పేలా గుడ్డ చుట్టుకుని ఉండేది. మొదటి రోజు నేను సూది గుచ్చుతుంటే ఆమె కళ్లు మూసుకుని "లక్ష్మీనరసింహా" అంది. నా చెయ్యి ఆగింది. "ఏ ఊరి నరసింహుడు అక్కా?" అని తెలుగులో అడిగాను. "అంతర్వేది అండీ" అంది. మాది ధర్మపురి అన్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒకే నదీ, ఒకే దేవుడూ. మీ ఇళ్ల ముందు పారిన నీళ్లే మా ఇళ్ల ముందుకు వస్తాయని ఆమె అనేది. మేము వదిలితేనే కదా అని నేను అనేదాన్ని.

అవ్వ కునుకు తీస్తుంటే ఆమె లేసు అల్లేది. తెల్లటి నూలు ఉండ ఒడిలో పెట్టుకుని, దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడు వేలు మీదుగా కొక్కెం సూదికి అందించేది. చూపు అవ్వ చేతి మీద, వేళ్లు దారం మీద. ఒకసారి ఉండ జారి దొర్లుతూ యంత్రం కిందికి వెళ్లింది. వార్డులో నేల మీద పడిన వస్తువు మళ్లీ మంచం దగ్గరికి రాకూడదు. ఉండను ఒక కవరులో వేసుకుని మణికట్టుకు తగిలించుకోమన్నాను. అప్పటి నుంచి అలాగే చేసేది.

"ఆస్పత్రి రోజులే నాకు సెలవు, సిస్టర్" అని ఒకసారి అంది. ఆ మాట నేను మరచిపోలేదు. కువైట్ 2015లో ఇంటి పనివారి కోసం చట్టం తెచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని అందులో రాశారు. ఆ రాత వంటింటి గడప దాటి లోపలికి వెళ్లిన ఇళ్లు ఎన్నో నాకు తెలియదు గానీ, ఆమెకు మాత్రం కూర్చునే తీరిక డయాలిసిస్ యంత్రం తిరిగినంతసేపే దొరికేది.

అదే ఏడాది జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. ఆమె వాళ్లు స్నానానికి వెళ్లి ఉన్నారు. వణుకుతున్న చేతులకు నా ఫోను ఇచ్చాను. అందరూ క్షేమమని తెలిశాక ఇద్దరం చేతులు కడుక్కునే కొళాయి దగ్గరికి వెళ్లి, నదులే లేని ఆ దేశంలో సముద్రం నుంచి ఉప్పు తీసి పంపే నీళ్లను గోదావరి అనుకుని నెత్తిన చల్లుకున్నాం.

కొన్నాళ్లకు అవ్వ చనిపోయింది. ఆస్పత్రిలో ఆ మంచం ఇంకొకరిది అయింది. ఆమె ఇక రాలేదు. నా ఫోనులో మిగిలిన నంబరుకు చేస్తే అది వాడుకలో లేదని వచ్చింది. ఊరు అడిగితే ఎప్పుడూ 'అంతర్వేది దగ్గర' అనే చెప్పేది. మావైపు వాళ్లూ బయట దేశంలో అంతే, చిన్న పల్లె పేరు ఎవరికి తెలుస్తుందని దగ్గరి పెద్ద ఊరి పేరు చెప్పి ఊరుకుంటారు.

శనివారం: ద్రాక్షారామం, యానాం, కోరంగి

పొద్దున్నే ద్రాక్షారామం భీమేశ్వరుడిని దర్శించుకున్నాం. లింగం రెండంతస్తుల ఎత్తు. కింద పాదభాగం, పైకి వెళ్తే శిరోభాగం. గోడల నిండా శాసనాలు. అక్కడ ఒక పూట ఉండాలి, మేము గంట ఉన్నాం.

యానాం దగ్గర గౌతమి వెడల్పు చూసి మా ఆయన ఇదే సముద్రమా అన్నాడు. చుట్టూ ఆంధ్ర, మధ్యలో పుదుచ్చేరికి చెందిన ఈ ఊరు. 1954 దాకా ఇది ఫ్రెంచి వారి చేతిలో ఉంది. చట్టప్రకారం భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. పొలం గట్టు దాటితే పరదేశం. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చి బాల్య వివాహాలు నేరమయ్యాక, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లలను ఇక్కడికి తెచ్చి పెళ్లిళ్లు చేసేవారట. అందుకే దీనికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. సరిహద్దు ఎక్కడ ఉంటే అక్కడ దాన్ని దాటి బతుకు మార్చుకోవాలనుకునే మనుషులు ఉంటారు. కానీ తమ ఇష్టంతో దాటేవాళ్లు వేరు, పెద్దల వెంట దాటించబడ్డ ఆ పసిపిల్లలు వేరు. ఆ పిల్లల్ని తలచుకుంటే ఆ పేరు నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం కోరంగి మడ అడవులకు వెళ్లాం. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకు వచ్చి ఊపిరి తీసుకుంటుంటాయి. బావురుపిల్లి కనిపిస్తుందేమోనని వెతికాను, కనిపించలేదు. నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది ఆ ఊరి పేరు. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చేసింది. అయినా ఈ తీరం నుంచి రంగూన్ వెళ్లే కూలీల వరస ఆగలేదు. ఈ వైపు జనం దాన్ని రంగం వెళ్లడం అనేవారు. బర్మాలో మనవాళ్లందరినీ కొరంగీలు అని పిలిచేవారు. ఏ జిల్లా నుంచి వచ్చినా, ఏ పని చేసినా, ఒక్క రేవు పేరే అందరి నెత్తిన. 1930లో రంగూన్ ఓడరేవులో మన కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేల మంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరూ సరిగా రాయలేదు.

మా జిల్లా నుంచి బొంబాయి, దుబాయి, ఈ జిల్లాల నుంచి రంగం, తర్వాత కువైట్. నీళ్లు లేక మేము వెళ్లాం. ఇన్ని నీళ్లున్న నేల నుంచి వీళ్లు ఎందుకు వెళ్లారని మా ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు సోమవారం దొరికింది.

ఆదివారం: కోనసీమ మీదుగా పాలకొల్లు

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి మీద గౌతమిని దాటి కోనసీమలో అడుగుపెట్టాం. లోక్‌సభ స్పీకరుగా ఉండగానే 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన ఆయన పేరు ఈ దారిలో చాలాచోట్ల వినిపిస్తుంది. అమలాపురం దాటి అంబాజీపేటలో ఆగాం. పనసాకులను దొప్పలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన పొట్టిక్కలు తిన్నాం. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన కోసం మళ్లీ ఇంత దూరం రావచ్చు. బయట కొబ్బరి కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. కోనసీమ కొబ్బరికి ధర ఇక్కడే పలుకుతుంది.

పి.గన్నవరం దగ్గర ఒక వింత చూశాను. కింద వైనతేయ పాయ, దాని మీదుగా వంతెన కట్టి కాలువను దాటించారు. నది మీద కాలువ పారుతుంది. పాత అక్విడెక్టు కాటన్ కాలం నాటిది. పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె 1841లో పుట్టి, ఈ లంకల గన్నవరంలో కాపురం చేసి, వేళ కాని వేళ వచ్చినా కాదనకుండా 1909లో కన్ను మూసేదాకా అన్నం పెట్టిన తల్లి. నది నడుమ లంకల్లో ప్రయాణమంటే ఆ రోజుల్లో పడవ కోసం రేవులో గంటలకొద్దీ ఎదురుచూడటం. ఆకలితో దిగినవాడికి ఆ ఇంటి పొగ కనిపిస్తే చాలు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే ఉంది. ప్రభుత్వ పథకాలకు పెట్టే పేర్లలో ఇంతగా అతికిన పేరు నేను చూడలేదు.

రాజోలు, దిండి, చించినాడ వంతెన. చీకటి పడ్డాక పాలకొల్లు చేరి నిద్రపోయాం.

సోమవారం: నరసాపురం, సఖినేటిపల్లి రేవు

క్షీరారామలింగేశ్వరుడికి సోమవారం అభిషేకం చేయించి నరసాపురం వెళ్లాం. నేను చూడాలనుకున్నది లేసు. 1844 ప్రాంతంలో గోదావరి తీరానికి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారు. ఇప్పుడది వాళ్లదే. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణంలో బల్ల గుడ్డలు, గౌన్లు, దిండు గలీబులు చూపించారు. నూలు ఇచ్చి ఇళ్లలో అల్లించి, తిరిగి కొని, పరదేశాలకు పంపుతారు. పూల బిళ్లలు ఒకరు, అంచులు మరొకరు, అన్నిటినీ కలిపి కుట్టేది ఇంకొకరు. ఒక చిన్న బిళ్లకు ఎంత ఇస్తారని అడిగి, జవాబు విన్నాక బేరమాడటానికి నాకు నోరు రాలేదు.

అంతర్వేదికి అవతలి ఒడ్డు నుంచి వెళ్లాలి. వంతెన మీదుగా తిరిగి వెళ్లవచ్చు గానీ, మనుషులనూ బండ్లనూ నది దాటించే పంటు ఎక్కాలని నాకు కోరిక. మాధవాయిపాలెం రేవులో కారుతో సహా ఎక్కాం. మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పాలక్యాన్లు, బడి సంచులు. పంటు వశిష్ఠ మధ్యకు వచ్చేసరికి ఉప్పుగాలి తగిలింది.

పక్కనే చెక్క మీద ఒకామె కూర్చుని ఉంది. పసుపు రంగు నేత చీర, తలలో చామంతులు, పెద్ద బొట్టు. టికెట్లు కొట్టే కుర్రాడితో చిల్లర గురించి గట్టిగా వాదిస్తోంది. వాదిస్తూనే లేసు అల్లుతోంది. ఈ ఊళ్లలో అల్లని ఆడది లేదనుకుని చూపు తిప్పుకోబోయాను. అప్పుడు కవరు కనిపించింది. నూలు ఉండ కవరులో ఉంది, కవరు ఎడమ మణికట్టుకు వేలాడుతోంది. చిటికెన వేలికి ఒక చుట్టు.

ముఖం మాత్రం తెలియలేదు. నేను చూసింది కళ్లూ ముక్కూ మాత్రమే. జుట్టు ఎలా ఉండేదో తెలియదు, గొంతు ఇంత పెద్దదనీ తెలియదు.

"అక్కా, మీరు కువైట్‌లో ఉండేవారా?" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను పరికించి చూసింది. "ఉన్నాను. మీరెవరండీ?" అంది. నన్ను కూడా ఆమె గుర్తుపట్టలేదు. అప్పుడు తోచింది, నేను ఆ వార్డులో ఎప్పుడూ టోపీ, మాస్కుతోనే ఉండేదాన్ని. ముక్కూ నోరూ అరచేత్తో మూసుకుని, "ఏ ఊరి నరసింహుడు అక్కా?" అన్నాను.

సూది ఆమె ఒడిలో పడిపోయింది. "సిస్టర్!" అని ఒక్క కేక. పంటు మీద అందరూ తిరిగి చూశారు. నా చెంపలు రెండూ పట్టుకుని, "మీ నోరు ఇలా ఉంటుందా? పళ్లు ఇలా ఉంటాయా?" అని నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. టికెట్ల కుర్రాడు ఇవ్వాల్సిన చిల్లర ఇచ్చి నెమ్మదిగా తప్పుకున్నాడు.

కవరు గురించి అడిగితే, "ఉండ కింద దొర్లకూడదని మీరే కదా చెప్పింది" అంది. ఆమె చుట్టూ అల్లే ఆడవాళ్లంతా ఇప్పుడు అలాగే చేస్తారట. ఇసుకా మట్టీ అంటకుండా తెల్లగా ఉన్న బిళ్లను ఎవరూ తిప్పి పంపరు.

రేవు దాటగానే మా కారులోనే వాళ్ల ఊరికి తీసుకెళ్లింది. అంతర్వేది దారిలో కొబ్బరి తోటల మధ్య చిన్న ఊరు. ఆమె భర్త నన్ను చూసి "రండి చెల్లెమ్మా", మా ఆయనను "రండి బావగారూ" అని పిలిచి కాళ్లకు నీళ్లిచ్చాడు. నా సంగతులన్నీ ఆయనకు తెలుసు. పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, గట్టి పెరుగు. అన్నం తింటుండగా మా ఆయన తన ప్రశ్న అడిగాడు, ఇన్ని నీళ్లుండి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందని.

1996 నవంబరు 6 అని ఆయన తారీకు చెప్పాడు. ఆ రాత్రి తుపానుకు కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు. వీళ్ల తోటలో నిలబడ్డ చెట్టు లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లు పిల్లలకు ఏం పెట్టాలి? మగవాళ్ల వీసాకు అడిగిన డబ్బు వీళ్ల దగ్గర లేదు. ఇంటి పని వీసా తక్కువకు వచ్చేది. అందుకే అక్క వెళ్లింది. చిన్నపిల్ల పాలు మరచేలోపు అని వెళ్లి, ఆ పిల్లకు పెళ్లీడు వచ్చేదాకా వస్తూ పోతూ ఉంది. ఆమె పంపిన డబ్బుతో కొత్త మొక్కలు నాటారు. ఇప్పుడు మేము కూర్చున్న నీడ వాటిదే.

అవ్వ పోయాక సంగతి అడిగాను. చివరి వారం అవ్వ ఎవరి చేత్తోనూ నీళ్లు తాగలేదట, ఈమె చేత్తో తప్ప. ఆ తర్వాత అవ్వ కూతురి ఇంట్లో పని. 2020లో, కరోనా వేళ మనవాళ్లను వెనక్కి తెచ్చిన వందే భారత్ విమానంలో విజయవాడ వచ్చి, క్వారంటైన్ ముగించుకుని ఇల్లు చేరింది. ఆ కూతురు పండగలకు ఇప్పటికీ ఫోను చేస్తుంది. పోయిన పండగకు పంపిన ఫొటో చూపించింది. ఖురాన్ పెట్టుకునే పీఠం, దాని కింద మా వార్డులో నా కళ్ల ముందు అల్లిన తెల్లటి గుడ్డ. "ఆమె మంచిదే అండీ. కానీ అక్కడ నేను మనిషినని నాకు గుర్తుచేసింది మీరు" అంది. నాకు మాట రాలేదు.

సాయంత్రం అరుగు మీద ఆడవాళ్లు చేరారు. ఎవరికి ఎంత నూలు ఇచ్చిందీ, ఎవరివి ఎన్ని బిళ్లలు వచ్చిందీ అక్క పుస్తకంలో రాసుకుంటోంది. వార్డులో గోడకు ఆనుకుని ఒదిగి కూర్చునే మనిషి ఇక్కడ కాలు మీద కాలు వేసుకుని లెక్క తప్పినవాళ్లను గదమాయిస్తోంది. నాకు ఆమెను అలా చూస్తూ ఉండాలనిపించింది.

చీకటి పడే వేళకు వీధి చివరి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, ముప్పై నిండలేదు. సందర్శకుల వీసా మీద ముందు పంపించి, అక్కడికి వెళ్లాక పని వీసాగా మారుస్తామని ఎవరో చెప్పారట. అక్క పుస్తకం మూసింది. "కూర్చో" అంది. "నేను వంటింటి సంగతులు చెబుతాను, సిస్టర్ గారు కాగితాల సంగతులు చెబుతారు."

నాకు తెలిసినవన్నీ చెప్పాను. గల్ఫు దేశాలకు ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై నిండాలని మన ప్రభుత్వ నిబంధన ఉంది. 2016 నుంచి వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. ఆంధ్రలో ఓంక్యాప్, మా తెలంగాణలో టామ్‌కామ్. ఒప్పంద పత్రం మీద జీతం, పని, ఇంటి చిరునామా ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు కట్టేది కొన్ని వందలే, ప్రమాదంలో మనిషి పోయినా, శాశ్వతంగా అవిటి అయినా పది లక్షలు వస్తాయి. సందర్శకుల వీసా మీద వెళ్లినవారికి వీటిలో ఏదీ అండగా ఉండదు. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్నవాళ్లు తీసుకుంటారు, అందుకే దాని నకలు ఒకటి ఇంట్లో, ఒకటి ఒంటి మీద ఉంచుకోవాలి. భారత రాయబార కార్యాలయం నంబరు నోటికి రావాలి.

అక్క చెప్పినవి ఏ కాగితంలోనూ ఉండవు. మొదటి నెల ఏడుపు వస్తే స్నానాల గదిలో ఏడవాలి, పిల్లల ముందు ఏడవకూడదు. ఇంటికి ఫోను చేసే రోజు ముందే అడిగి రాయించుకోవాలి. గదికి లోపలి గడియ ఉందో లేదో మొదటి రాత్రే చూసుకోవాలి. పంపే డబ్బులో కొంత తన పేరున బ్యాంకులో పడాలి, మొత్తం ఇంటికే పోతే తిరిగి వచ్చే రోజు ఎప్పటికీ రాదు. ఆ చివరి మాట అంటున్నప్పుడు భర్త పక్కనే ఉన్నాడు. "నిజమే" అన్నాడు.

ఆ అమ్మాయి ఆ మనిషికి ఇంకా డబ్బు కట్టలేదు. కట్టనని అక్కకు మాటిచ్చి వెళ్లింది. రేపటి నుంచి లేసు నేర్చుకోవడానికి రమ్మని అక్క చెప్పింది. లేసు మీద ఇల్లు నడవదని మా ముగ్గురికీ తెలుసు. ముప్పై నిండేదాకా చేతిలో పని ఉంటే తొందరపడి విమానం ఎక్కకుండా ఉంటుందని అక్క లెక్క.

మమ్మల్ని హోటలుకు పోనివ్వలేదు. పక్కలు వేసుకుని తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం.

మంగళవారం: అంతర్వేది

తలస్నానాలు చేసి నలుగురం బయలుదేరాం. అంతర్వేది ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది. ఇప్పటి కట్టడం 1823లో పూర్తయింది. ఓడల వ్యాపారి కోపనాతి కృష్ణమ్మ కట్టించాడు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోతే ఆ రోజు ఈ ఊళ్లలో పొయ్యి వెలగలేదని అక్క చెప్పింది. మరుసటి ఏడాదే కొత్త రథం కదిలింది. మాఘమాసంలో కల్యాణం. ఆ తీర్థానికి ఉండిపొమ్మని ఆమె పట్టుబట్టింది. పిల్లల పరీక్షలున్నాయి, ఉండలేమని చెప్పాను. గర్భగుడి ముందు ధర్మపురి నరసింహుడి పేరు కూడా కలిపి అర్చన చేయించింది. పూజారి ఆ పేరు విని గోత్రంతో పాటు మా ఊరునూ పలికాడు.

అక్కడి నుంచి అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్లాం. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. ఒక పక్క మట్టి రంగు నీళ్లు, ఒక పక్క ఆకుపచ్చ. మధ్య గీత కెరటాలతో పాటు కదులుతోంది. వేటకు వెళ్లిన పడవలు తిరిగి వస్తున్నాయి. ధర్మపురి నుంచి సీసాలో తెచ్చిన గోదావరి నీళ్లు నేను ఆ గీత దగ్గర పోస్తుంటే అక్క సీసా అందుకుని సగం తన తల మీద చల్లుకుంది. "2015ది ఇప్పుడు తీరింది" అంది.

2027లో మళ్లీ పుష్కరాలు. రాజమండ్రిలో జనం ఎక్కువ, ఈసారి ధర్మపురికి రండి అన్నాను. అక్క భర్త వెంటనే దారి అడిగాడు. రాత్రి రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్‌లో దిగవచ్చని, అక్కడి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా మేమే కారులో తీసుకెళ్తామని మా ఆయన చెప్పాడు. టికెట్లు ముందే తీసుకోవాలని, పుష్కరాలకు ఆఖరి వారంలో దొరకవని నేను గుర్తుచేశాను. ఎంత మంది వస్తారో చెప్పమంటే అక్క వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. భర్త, కూతురు, అల్లుడు, మనవడు, లేసు అల్లే వాళ్లలో ఇంకా రైలు ఎక్కనివాళ్లు. లెక్క రెండో చేతికి మారింది. మా ఇంట్లో పట్టరేమోనని ఆమె అనుమానం. మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయని, అప్పటికి ఇంకొక స్నానాల గది కూడా కట్టిస్తామని మా ఆయన ఆమెకు మాటిచ్చాడు.